ఓడిపోవడానికి ఒక మనిషి

దానయ్యకు పొగరెక్కిందని రాయపూర్ రైల్వే కాలనీలో అందరికంటే ముందు కనిపెట్టినవాడు నూకరాజు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే బండెక్కి వచ్చి, వాగన్ షాపులో పక్కపక్కన నిలబడి రివెట్లు కొట్టినవాళ్లు. అలిగే హక్కు అతనికుంది.

"ఏటి బావా, పలకరిస్తే నవ్వవు? రిటైరైపోతే మేం కనబడట్లేదేటి?" అని నిలదీశాడు.

దానయ్య నవ్వాననే అనుకున్నాడు. ఆ నవ్వు పెదవుల దాకా రాలేదని అతనికి తెలియదు.

ఆ తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. నవ్వకపోవడం పొగరు కాదు, మొహాన్ని బిగదీసే వణుకుడు జబ్బేనని కాలనీకి అప్పుడర్థమైంది. కానీ ఈలోగానే అతని భార్య రమణమ్మ పోయింది. పిల్లల్లేని ఇల్లు. పాడె లేచేటప్పుడు దానయ్య కంట్లో చుక్క నీరు లేదు. కట్టుకున్నవాడే ఏడవకపోతే ఇంకెవరేడుస్తారని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. లోకుల నోటికి మూత ఎవరు వేయగలరు? వాళ్ల మాటల్ని దానయ్య పట్టించుకోలేదు. తనకు ఏడుపెందుకు రాలేదన్నదే అతన్ని తినేసింది.

1999లో బొంబాయి డాక్టర్లు కొందరు యంత్రాలతో సహా వచ్చి రాయపూర్లో ఓ ఆసుపత్రిలో ఈ జబ్బుకు ఆపరేషన్లు చేశారు. పెద్ద డాక్టరు దానయ్యకు హిందీలో ఓపిగ్గా వివరించాడు. మెదడు నడిమి భాగంలో నల్లగా ఉండే చిన్న చోటుంది. అక్కడ కొన్ని కణాలు గబగబా పలుకుతాయి, కొన్ని నిదానంగా పలుకుతాయి. అనుకోని మంచి ఏదైనా జరిగితే ఆ నిదానపు కణాలు ఒక్కసారిగా జోరందుకుంటాయి. ఈ జబ్బులో చచ్చిపోయేవి అవే. సన్నటి తీగ దింపి, ఏ కణాలు ఎక్కడున్నాయో వాటి చప్పుడు స్పీకరులో విని, వణుకు తగ్గించే కరెంటు తీగను సరైన చోట అమరుస్తారు.

దానయ్య వణుకు మాటే ఎత్తలేదు. ఆ కణాలు తనలో ఏమైనా మిగిలాయో లేదో చూసి చెప్పమని మాత్రం బతిమాలుకున్నాడు.

మెలకువలోనే ఆపరేషన్. తలకు ఇనుప చట్రం బిగించారు. తీగ దిగుతుంటే స్పీకరులో చప్పుడు మొదలైంది. ముందు రేకుల మీద వానలా గోల. ఇంకా కిందికి దిగాక చూరు నీళ్లలా ఒక్కొక్క చుక్క. ఇదే నిదానపు కణమన్నాడు డాక్టరు. దాన్ని రూఢి చేసుకోవడానికి ఓ ఆట పెట్టాడు. తెర మీద రెండు డబ్బాలు. ఒకదాన్ని ఎంచుకుని మీట నొక్కాలి. నాణెం కనిపిస్తే గెలుపు, ఖాళీగా ఉంటే ఓటమి.

దానయ్య గెలిచాడు. చుక్కల్లో మార్పు లేదు. మళ్లీ గెలిచాడు. అంతే. మిగిలిన కణమూ మంచికి పలకదనుకున్నాడు దానయ్య. ముసలాయనకు తెర సరిగ్గా కనబడటం లేదేమోనని, ఫలితాన్ని అతని భాషలో చెప్పమన్నాడు డాక్టరు, నర్సు సరోజినితో. ఆమెదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే.

"గెలిచీసినావు మావయ్యా!" అంది. చుక్కలు అలాగే పడుతున్నాయి.

కాసేపటికి సరోజినికీ ఆట పట్టుకుంది. "ఓడిపోయినావు మావయ్యా, ఓడిపోయినావు!" అని పకపకా నవ్వింది.

స్పీకరు టపటపలాడింది.

డాక్టరు మొహం చిట్లించాడు. ఓడితే పలకడమేమిటి? మళ్లీ ఆడించాడు. మళ్లీ సరోజిని నవ్వింది, మళ్లీ టపటపలు. ఎందుకిలాగని అడగమన్నాడు.

"మా ఇంటిదీ నానూ అష్టాచెమ్మా ఆడీవోళ్లమమ్మా," అన్నాడు దానయ్య. "గెలిస్తే అది అలాగే నవ్వీది. ఆ నవ్వు కోసం నాను ఓడిపోడానికే కూకునీవోణ్ణి."

చెబుతుండగా అతని కళ్ల నుంచి నీళ్లు ధార కట్టాయి. ఆ ఏడుపు ఇన్నాళ్లకు వచ్చింది. సరోజిని దూది పెట్టి తుడిచింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వణుకు తగ్గింది, మొహమూ కొంత సడలింది. కాలనీ సంతోషించింది. దానయ్యకే సుఖం లేదు. లోపలేమీ మిగల్లేదనుకున్నన్నాళ్లూ సాయంత్రాలు ఎలాగో గడిచిపోయేవి. మిగిలి ఉందని తెలిశాక అది రమణమ్మ కావాలంటోంది. ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఓ ఆదివారం నూకరాజు వస్తే, దానయ్యే నేల మీద గీతలు గీసి గవ్వలు పరిచాడు. ఓడిపోవాలనే కూర్చున్నాడు. తీరా చూస్తే నూకరాజు చంపగలిగిన కాయల్ని కూడా చూడనట్టు వదిలేస్తున్నాడు. జబ్బు మనిషి గెలవాలని అతని తాపత్రయం. ఇద్దరూ ఓడిపోవడానికి పోటీ పడితే ఆట ఏం సాగుతుంది? ఎలాగో నూకరాజు పంతమే నెగ్గింది.

"నువ్వే గెలిచినావు బావా!" అన్నాడు సంబరంగా.

అతన్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక దానయ్య పైకి నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. రమణమ్మ కూడా తన ఓటమి ఉత్తుత్తిదని తెలిసే, తన కోసమే, అన్నేళ్లూ అలా నవ్విందా?

అడుగుదామంటే ఆమె లేదు.