బోలె ఎవరి పిల్లి

ఓడెన్సే పట్నంలో మా పై వాటాలో ఉండే సిగ్నే, పోస్టాఫీసు ఉద్యోగం మానేశాక బోలె అనే పిల్లిని పెంచుకుంది. గడప దాటని పిల్లి కావడంతో అది దిండులా లావెక్కింది. తిండి ఒక్కసారిగా మానిపిస్తే కాలేయం పాడవుతుందనీ, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రమ్మనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది.

సిగ్నే రోజూ తిండి తూచి పెట్టేది. దారానికి ఈక కట్టి ఆడించేది. అయినా బోలె తగ్గలేదు సరికదా, ఆమెను చూస్తే మొహం తిప్పుకుని వెళ్ళి ఆమె భర్త థోర్వాల్ ఒళ్ళో చేరేది. అది చూసి సిగ్నేకి ఒళ్ళు మండేది.

"చాకిరీ నాది, ముద్దులు ఆయనవి," అని నా దగ్గర ఏడ్చినంత పని చేసింది.

ఒక ఉదయం రొట్టె కొనడానికి బయల్దేరి, సంచి మరిచిపోయి వెనక్కి వచ్చింది. థోర్వాల్ రొట్టె మీద పూసుకునే లివర్ పేస్ట్ వేలికి రాసుకుని పిల్లి చేత నాకించుకుంటున్నాడు.

"ఏమయ్యా, దాన్ని చంపుతావా?"

"రాత్రంతా నీ పక్కలోనే పడుకుంటుంది. పగలైనా నా దగ్గరికి రావద్దా?" అన్నాడు తల దించుకుని.

ఇన్నాళ్ళూ తనొక్కతే కుళ్ళుకుంటున్నాననుకున్న సిగ్నే వెళ్ళి ఈక కట్టిన దారం తెచ్చింది. దాన్ని అతని చేతికిచ్చి, "తిండి పెట్టి కాదు, ఆడించి మచ్చిక చేసుకో," అంది.

మరుసటి ఏడాదికి బోలెకి నడుమంటూ కనిపించింది. ఇప్పుడు థోర్వాల్ అడుగుల చప్పుడు వింటే చాలు, తలుపు దగ్గరికి పరుగెడుతుంది. సిగ్నే వంటింట్లోంచి చూస్తూ, "ద్రోహి!" అంటుంది. సరదాకి కాదు, నిజంగానే అంటుంది.