వాననీళ్లకు నేను పెట్టిన అడ్డం

కచేరీల ఉర్దూ కాయిదాలు పోయి ఇంగిలీషు కాయిదాలు వచ్చిన కొత్తల కరీంనగర్‌ల ఇల్లు కట్టుకున్న. అప్పటికి నేను ఓవర్సీరును. ఏ వాడ నీళ్లు ఎటు పోవాలె, ఏ మోరికి ఎంత వాలు ఉండాలె అని చూసుడే నా కొలువు. అసుంటోన్ని, నా సొంత జాగల నీళ్ల తొవ్వ మూసిన.

వాన పడితే మా వాడల ఎత్తు మీది ఇండ్ల నీళ్లన్నీ ఆ జాగల నుంచే కింద పెద్ద మోరిలకు పోయేటివి. ప్రహరీకి తూము విడిచిపెడుదామని మేస్త్రి అన్నడు. వద్దన్న. పదిండ్ల మురికి నా వాకిట్ల పారుడేందని నా రోషం. గోడ అడ్డమొస్తే నీళ్లు పక్కింటి మీదికి మర్లుతయని నాకు తెలువక కాదు.

పక్కింట్ల చీరలు నేసే పెద్దమనిషి, ఆయన భార్య ఉండేటోళ్లు. ఆయనది గుంత మగ్గం. నేలల తవ్విన గుంతల కాళ్లు పెట్టి కూసోని నేసేటోడు. మొదటి పెద్దవానకే ఆ గుంత నిండింది. తెల్లారి వచ్చి మా గడప బయటనే నిలబడ్డడు. మగ్గం మీది పడుగు నూలంత తడిసిందని, గోడకు జర సందు ఇయ్యమని మెల్లగ అడిగిండు.

"నా జాగల నేను కట్టుకున్న. మీ ఇల్లు పల్లంల ఉంటే నేనేం జేస్త?" అన్న.

ఆయన ఎనుకకు మర్లి పోయిండు.

ఆ వానకాలమంత మా వాకిలి పొడిగ ఉన్నది. చెప్పులకు బురద అంటకుంట కచేరికి పోయి, ఊరోళ్ల మోరీల మీద రిపోర్టులు రాసేటోన్ని.

బతుకమ్మ ముందట, ముసురు పడుతున్న దినాలల్ల, మా ఇంటామె వాళ్లింటికి పోయొచ్చింది. "ఒక్కసారి పోయి సూసి రాండ్రి" అన్నది. ఎందుకో చెప్పలే.

పోయిన. ముందటి తలుపు నుంచి ఎనుక తలుపు దాక, ఇంటి నడుమంగ ఆయన కాలువ తవ్వుకున్నడు. అంచులకు బండలు పరిచి, వాలు తప్పకుంట తీసిండు. నేను కొలిచి గీసినా అంత సాఫుగ రాదు. ఇటు పొయ్యి, అటు మగ్గం, నడుమ మా వాడ మురికినీళ్లు. ఆయన భార్య అన్నం గిన్నె పట్టుకోని ఆ నీళ్లు దాటొచ్చి నాకు పీట ఏసింది.

"నీళ్లు ఆగయి గద సాబ్. ఎవలో ఒకలు తొవ్వ ఇయ్యాలె" అన్నడాయన. దెప్పినట్టు అనలే. తెలువనోనికి వివరం చెప్పినట్టు అన్నడు.

నేను కూసోలే. తెల్లారే మేస్త్రిని పిలిచి గోడకు తూము కొట్టిచ్చిన. మాఫ్ చెయ్యమని అడుగుదామని రెండుసార్లు వాళ్ల గడప దాక పోయి మర్లొచ్చిన. ఆఖరికి ఆయనే వాడకట్టోళ్ల ముందట నాకు దండం పెట్టి, సాబ్ మంచోడు, అడగంగనే తొవ్వ ఇచ్చిండని చెప్పిండు. వాళ్లు నమ్మిండ్రు. నేను అవునన్నట్టు తలూపిన.

ఆయన భార్య మాత్రం నా దిక్కు సూడకుంట లోపలికి పోయింది.