ఆరు రబ్బరు ముక్కలూ, వాటి మీద కొసరూ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పుంగనూరులో మూతపడిన ఒక క్లబ్బు నుంచి పూల్ టేబుల్‌ను బేరమాడి మా ఇంటికి తెచ్చినాను. లోకాన్ని గెలిచినంత పొంగిపోయినాను. బంతి అంచుకు తగిలి ఆడనే నిలబడిపోతుందని తెలిసింది మాత్రం ఇంట్లో దించుకున్నాకే. అంచుల్లోని రబ్బరు ఎండి కట్టె అయిపోయింది. ఏడాది పాటు మా ఆవిడ దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి, చివరికి ఒకరోజు తేల్చేసింది.

"ఆదివారం మీ బావ కుప్పం నుంచి వస్తాండాడు. ఆలోగా ఇది ఆడే బల్ల కాకపోతే ఆయనకే ఇచ్చి పంపిస్తా. నాకు ఈడ కుట్టుమిషన్‌కు తావు కావల్ల."

మదనపల్లెలో క్లబ్బు టేబుళ్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పరిగెత్తినాను. ఆరు అంచులకు ఆరు ముక్కల కొత్త రబ్బరు. ధర ఒక్క పైసా దిగలేదాయన. అంగట్లో పుట్టి పెరిగినోణ్ణి, ఊరికే వస్తానా?

"కొసరన్నా వెయ్యప్పా."

"ఇదేమన్నా చింతపండా, కొసరేసేదానికి?"

"చింతపండయితే పిడికెడు అడిగుంటా. రబ్బరు కాబట్టి ఒక్కో చివరా రెండు వేళ్లు."

ఆయన నవ్వుతూ అంత పొడుగూ కోసిచ్చి, "బిగించేటప్పుడు చివర్లు తీసేసుకో" అని కూడా చెప్పినాడు.

అంచులు విప్పి, వాటి మీది బట్ట ఊడదీసి, పాత రబ్బరు గీకి, కొత్తది జిగురేసి అతికించినాను. చివర్లు కొయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. అడిగి తెచ్చుకున్న కొసరును పారేస్తారా ఎవరన్నా? ఉన్నది ఉన్నట్టే అతికించి పైన బట్ట బిగించేసినాను.

ఆదివారం బావ మొదటి దెబ్బ కొట్టినాడు. బంతి అంచుకు తగిలి చెంగున వెనక్కి దూకింది. అందరం కేకలేసినాము. ఆ తర్వాత అరగంట ఆడినా ఒక్క బంతీ గుంతలో పడలేదు. ప్రతిదీ మూతి దగ్గర తగిలి బయటికే వచ్చేది.

"ఏం బామ్మర్దీ, అంగడికేసినట్టు దీనిగ్గూడా బీగాలేసినావా? దీన్ని ఎత్తుకుపోయేదానికి నేను లారీకి చెప్పుకుంటా."

మా ఆవిడ వంగి గుంత మూతి తడిమింది. "ఈడ రెండు పక్కలా ఉబ్బుండాది. ఏమిది?"

"కొసరు," అన్నాను.

ఆమె నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. లేచి బట్ట చివర్లు విప్పి, నా అంగడి కత్తితోనే కోసింది. పన్నెండు ముక్కలు. ఒక్కొక్కటి తెగినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంది. మళ్లీ బట్ట లాగి బిగించి, కర్ర తనే తీసుకుంది. తెల్లబంతి అంచుకు తగిలి తిరిగొచ్చి, ఎర్రబంతిని మూల గుంతలోకి నెట్టింది.

"లారీ వద్దా అమ్మా?" అన్నాడు బావ.

"లారీ యాల అన్నా ఇంక? నువ్వట్లా జరుగు, ఇంకోటి కొడతా."

ఆ మధ్యాహ్నం సంగటి కెలికింది బావా, నేనూ.