చిన్న లైను కట్ట మీద

రైలు కూత వినిపించని ఊళ్ళో నాకు నిద్ర పట్టదు. ఈ మాట అంటే నాగర్‌కర్నూల్‌లో మా వీధివాళ్ళు నవ్వుతారు. కూతకు నిద్ర చెడినవాళ్ళను చూశాం గానీ కూత లేక చెడినవాణ్ణి నిన్నే చూస్తున్నాం అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ఊరికి రైలే లేదు. వస్తుంది, వస్తుంది అని మా తాతల నాటి నుంచి అంటూనే ఉన్నారు. బతుకంతా ఆవిరి ఇంజన్ మీద గడిపినవాడు పోయి పోయి పట్టాలు లేని ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడంటే, అది పెళ్ళాం మాట విన్నందుకే.

ఆమెది ఉప్పునుంతల. గద్వాల రైల్వే క్వార్టర్లలో నా నూనె బట్టలు ఉతికి ఉతికి విసిగిపోయింది. "నీ రైళ్ళు నాకొద్దు, నీ కూతలు నాకొద్దు. రిటైరైనంక మా అక్కచెల్లెండ్ల దగ్గర్ల ఉందాం" అన్నది. సరే అన్నాను. ఇల్లు పూర్తయింది. పాలు పొంగించాం. ఆ మరుసటి ఏడే ఆమె జ్వరంతో దవాఖానకు పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. మాకు పిల్లలు లేరు. ఆమె అక్కచెల్లెళ్ళు మంచివాళ్ళు, పండగలకు పిలుస్తారు, పోయి తిని వస్తాను. తిని చేయి కడుక్కున్న తర్వాత ఏం మాట్లాడాలో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

నాకు మాట్లాడటానికి లోకంలో మిగిలింది ఒక్కడే. వాడు చెవిటివాడు.

వాడు నా ఫైర్‌మన్. ఇటిక్యాల పక్క పల్లెవాడు. వాళ్ళ నాయన రైలు కట్ట మీద కంకర కొట్టిన కూలీ, ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడే మనిషి. వాడు మొదట ఇంజన్లు కడిగే పనికి చేరాడు, తర్వాత పార పట్టాడు. సికింద్రాబాద్ నుంచి ద్రోణాచలం దాకా మీటర్ గేజి ఉన్న రోజులవి. పట్టాల మధ్య వెడల్పు తక్కువ కాబట్టి మేమంతా దాన్ని చిన్న లైను అనేవాళ్ళం. ఆ లైను మీద వాడు బొగ్గేస్తే నేను బండి నడిపాను. నా పెళ్ళాంతో గడిపినదానికంటే వాడితో గడిపిన పొద్దులే ఎక్కువ, ఈ సంగతి ఆమె కూడా దెప్పేది.

ఇంజన్ మీద మాట వినపడదు. కాబట్టి మేం మాట్లాడుకోవడం మానేశాం. నా ఎడమ భుజం కొంచెం కదిలితే చాలు, నేను ఆవిరి పెంచబోతున్నానని వాడికి తెలిసిపోయేది. పార అంచుతో ఇనుప నేల మీద ఒక్క దెబ్బ వేస్తే బొగ్గు మండే భట్టీ నిండుగా ఉందని నాకు తెలిసేది. వనపర్తి రోడ్డు స్టేషన్లో ఎవరైనా రైతు పచ్చి పల్లికాయ ఇస్తే, వాడు పార కడిగి దాని మీద పోసి, భట్టీ నోటి ముందు ఆడించి వేయించేవాడు. నా వాటా నాకు అడక్కుండానే నా వైపు అరలో పడేది. పెళ్ళయి ఎన్నేళ్ళయినా ఇంత పొత్తు కుదరని ఇళ్ళను నేను చూశాను.

ఆ భట్టీ చప్పుడే రిటైరయ్యేనాటికి వాడి రెండు చెవులనూ మింగింది. నాకు ఒకటిన్నర చెవి మిగిలింది. ఆవిరి పోయి డీజిల్ వచ్చింది, చిన్న లైను పోయి పెద్ద లైను వచ్చింది, చివరి కొన్నేళ్ళు మమ్మల్ని వేరువేరు బండ్ల మీద వేశారు. గద్వాలకు ఇవతల ఒకచోట పెద్ద లైనును కొంచెం పక్కకు జరిపి వేశారు. అక్కడ పాత పట్టాలు పీకి తీసుకుపోయారు. మట్టి కట్ట మాత్రం పొలాల మధ్య అట్లాగే ఉండిపోయింది. దాని నిండా సర్కారు తుమ్మ మొలిచింది. గొర్లకాపరులకు తప్ప ఎవరికీ పనికిరాదు.

నెలకొకసారి నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కి, వనపర్తిలో మారి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి గద్వాల పోయేవాణ్ణి. వాడి ఇంట్లో అన్నం తిని, ఎండ తగ్గాక ఇద్దరం ఆ కట్ట మీద నడిచేవాళ్ళం. వాడు చెయ్యెత్తి ఒకచోట చూపించేవాడు, అక్కడ సిగ్నల్ ఉండేది. నేనొకచోట ఆగేవాణ్ణి, అక్కడ బండి ఎప్పుడూ మొరాయించేది. మాటలేమీ ఉండవు. ఆ కాసేపు మాత్రం నాకు ఎవరూ లేరన్న ఆలోచన వచ్చేది కాదు.

కొత్త శతాబ్దం వచ్చిన నాలుగైదేళ్ళకు ఒక రైల్వే అధికారి నాకు కబురు పెట్టాడు. పాత ఆవిరి ఇంజనొకటి బాగు చేశారట. జనానికి చూపించడానికి ఒక్క రోజు పాలమూరు నుంచి గద్వాల దాకా కొన్ని పెట్టెలతో నడుపుతారట. ఆవిరి మీద చేయి తిరిగినవాళ్ళు కావాలట. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను గానీ పైకి మాత్రం బెట్టు చేశాను.

"నా ఫైర్‌మన్ ఉంటేనే వస్త. లేకుంటే రాను" అన్నాను.

డాక్టర్ పరీక్షలో పాసైతే ఇద్దరూ రావచ్చన్నాడు.

ఆ మధ్యాహ్నమే గద్వాల బస్సెక్కాను. వాడికి ఏదైనా చెప్పాలంటే వాడి భార్య చెప్పాలి. ఆమె వాడి కోసం చేతులతో ఒక భాషే తయారు చేసుకుంది. నేను చెప్పిన సంగతి విని, ఆమె మోచేతులు రెండూ ఇంజన్ చక్రాల కడ్డీలలాగా ముందుకూ వెనక్కూ తిప్పింది, తర్వాత నన్నూ వాణ్ణీ చూపించింది. వాడు చాలాసేపు ఆమె చేతులనే చూశాడు. తర్వాత చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో వీధంతా వినపడేటట్టు అన్నాడు.

"నా తలరుమాలు ఏడున్నదే?"

వాడు అంత నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

వాడి చెవుల పరీక్ష ఒక్కటే మా పరేషాన్. దానికీ ఉపాయం ఆలోచించాను. డాక్టర్ వెనక నిలబడి మాట అంటాడు, వినపడితే చెయ్యెత్తాలి, అంతే గదా. నేను వాడి ఎదురుగా నిలబడి, డాక్టర్ నోరు కదలగానే గడ్డం గోక్కుంటాను. నా గడ్డం చూసి వాడు చెయ్యెత్తాలి. మేం ఇంటి వాకిట్లో దీన్ని సాధన చేశాం. ఆమె డాక్టర్ అయింది. ముగ్గురం పిల్లలకంటే అన్యాయంగా నవ్వుకున్నాం.

దవాఖానలో నా పరీక్ష ముందే గట్టెక్కింది. వాడిదీ మొదట బాగానే సాగింది. డాక్టర్ ఏదో అన్నాడు, నేను గోక్కున్నాను, వాడు చెయ్యెత్తాడు. మళ్ళీ అట్లాగే. అంతలో ఒక దోమ నిజంగానే నా గడ్డాన్ని కుట్టింది. చెయ్యి దానంతట అదే పోయింది. డాక్టర్ నోరు విప్పకముందే వాడు ఠక్కున చెయ్యెత్తి నిలబడ్డాడు. డాక్టర్ నన్ను చూసి చిన్నగా నవ్వి, బయట కూర్చోమన్నాడు.

తలుపు బయట బల్ల మీద కూర్చుని నేను ఎంత ప్రార్థించానో. వాళ్ళ దేవుణ్ణీ మా జోగులాంబనూ కలిపి మొక్కాను. వాడు బయటికి వచ్చి నా ముఖం చూడకుండా చెప్పులు వేసుకున్నాడు.

నేను లోపలికి పోయి బతిమాలాను. "సాబ్, ఇంజన్ మీద మేం చెవులతో పని చెయ్యం. నా భుజం చూస్తే చాలు వానికి."

"పెద్దాయనా, అది జనం ఎక్కే బండి" అన్నాడు డాక్టర్. కోపంగా అనలేదు. ఆయన అన్నది నిజమే కాబట్టి నాకు ఇంకా బాధైంది.

నేనూ పోనని చేతులు ఊపి చెప్పాను. వాడికి ఆ సైగ అర్థమై నా మీద మండిపడ్డాడు.

"మీరు గూడ పోకుంటే ఇంజన్ ఎవని చేతిల పెడ్తరు? డీజిలోళ్ళ చేతిలనా? పోండ్రి సాబ్. గిట్ల చెయ్యొద్దు."

సరే, గద్వాల ప్లాట్‌ఫారం మీద నిలబడు, బండి ఆగినంక నిన్ను పైకెక్కిస్త, ఎవడడ్డమొస్తడో చూస్త అని ఇంటికి పోయాక వాడి భార్యతో చెప్పించాను. ఆమె చేతులు చెబుతున్నంతసేపూ వాడు గోడకేసి చూశాడు.

బండి రోజు వచ్చింది. పాలమూరులో ఇంజన్ ఎక్కాను. పెద్ద లైను ఇంజన్, మా పాతదానికంటే ఎత్తు, కానీ వేడి అదే వేడి, నూనె వాసన అదే వాసన. నాతోపాటు ఒక ఇన్‌స్పెక్టరూ, బొగ్గేయడానికి నడివయసు మనిషి ఒకడూ ఉన్నారు. ఆ మనిషి బాగానే పని చేశాడు, వంక పెట్టను. బండి కదలగానే నా ఒళ్ళు పులకరించింది. దేవరకద్ర దాటేవరకూ సంతోషంగానే ఉన్నాను. తర్వాత ఒక ఎత్తు వచ్చింది, నా ఎడమ భుజం కదిలింది. అటువైపు ఎవరూ చూడలేదు. బొగ్గేసే మనిషి నేను నోరు తెరిచి అరిచి చెప్పేదాకా ఆగాడు. అక్కడి నుంచి ప్రతిదీ అరిచే చెప్పాను. వనపర్తి రోడ్డులో జనం విరగబడి చూశారు, ఫొటోలు తీశారు, చేతులూపారు. నేనూ ఊపాను. అంతమంది మధ్య నాకు ఏడుపు వచ్చినంత పనైంది. నాగర్‌కర్నూల్‌లో నా ఇంట్లో కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

కృష్ణ దాటాక, గద్వాలకు ఇవతల, పొలాల అవతల పాత కట్ట కనిపించింది. దాని మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నెత్తిన రుమాలు, ఎడమ చెయ్యి నడుము మీద. మిట్టమధ్యాహ్నం ఆ ముళ్ళలో నిలబడే పిచ్చివాడు పాలమూరు జిల్లా మొత్తంలో వాడొక్కడే. కానీ వాడు మా వైపు చూడటం లేదు. ఇంజన్ ఎత్తు మీది నుంచి నాకు వాడు కనిపిస్తున్నాడు గానీ, వాడికి పెద్ద లైను కనపడకుండా తుమ్మచెట్లు గుబురుగా అడ్డం ఉన్నాయి. వాడు ఏటి దిక్కు చూస్తున్నాడు, బండి ఇంకా రాలేదనుకున్నాడు.

నేను కూత వేశాను. పొడుగ్గా వేశాను, మళ్ళీ వేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత, అదే చేస్తున్నానని నాకు తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు. వాడు తల తిప్పలేదు. ఇంకాసేపైతే బండి దాటిపోతుంది.

"బొగ్గెయ్యి. ఎయ్యి, నిండ ఎయ్యి" అని అరిచాను.

ఆ మనిషి బిత్తరపోయి పార మీద పార వేశాడు. మంట ఉక్కిరిబిక్కిరై చిమ్నీలోంచి నల్లపొగ గుట్టలు గుట్టలుగా లేచింది. ఆవిరి ఇంజన్ గురించి తెలియనివాళ్ళకు అది అందంగా ఉంటుంది, ఫొటోలకు బాగుంటుంది. మాకు మాత్రం అంతకు మించిన సిగ్గు లేదు. నల్లపొగ వచ్చిందంటే బొగ్గు కాలకుండా వృథాగా పోతోందని, ఫైర్‌మన్‌కు పని రాదని అర్థం. మా రోజుల్లో దానికి మెమోలు ఇచ్చేవారు. వాడు పార పట్టినన్నాళ్ళూ మా చిమ్నీలోంచి పలచటి బూడిదరంగు పొగ తప్ప రాలేదు. ఇన్‌స్పెక్టర్ నా చెవి దగ్గరికి వచ్చి, ఈ వయసులో ఇదేం పని అని కేకలేశాడు. పడ్డాను. పొగ తుమ్మచెట్ల మీదుగా ఎక్కి ఆకాశాన్ని కప్పింది.

వాడు తిరిగాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. నేను సగం ఒళ్ళు బయటపెట్టి రెండు చేతులూ ఊపాను. వాడు చెయ్యెత్తలేదు. చెట్లు అడ్డం వచ్చాయి, కట్ట వెనక్కి పోయింది.

గద్వాల ప్లాట్‌ఫారం మీద బాజాలూ దండలూ ఉన్నాయి. వాడి భార్య ఒక్కతే గేటు దగ్గర నిలబడి ఉంది. "పొద్దుగాల్నే యాడికో పోయిండన్నా. స్టేషన్‌కు వస్తే నువ్వెందుకు ఎక్కలే అని అందరడుగుతరట. నేను రాను అన్నడు" అన్నది.

బండి పని అప్పజెప్పి సాయంత్రం వాళ్ళింటికి పోయాను. వాడు గడప మీద కూర్చుని కాళ్ళలో ముళ్ళు తీసుకుంటున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎవడు సాబ్ గా బొగ్గేసినోడు? గంత పొగనా? నేనుంటే రానిస్తునా? ఇన్నేండ్ల మీ ఇజ్జత్ గంగల కలిపిండు. దూరంకెల్లి చూసి నాకు ఏడుపొచ్చింది. చెయ్యి గూడ ఎత్తలే నేను, సిగ్గయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. చేతులు సిద్ధంగా పెట్టుకుంది. "ఏం చెప్పాలన్నా?"

ఆ పొగ వేయించింది నేనే, నిన్ను పిలవడానికే అని చెప్పాలి. ఆమె చేతులకు అది పెద్ద పని కాదు. కానీ వాడి ముఖం చూశాను. దవాఖాన తలుపు దాటిన రోజు నుంచి కుంగిపోయిన మనిషి, ఇప్పుడు నిటారుగా నిలబడి తిడుతున్నాడు. తాను లేకపోతే నా బండి చెడిపోయిందని వాడికి నమ్మకం కుదిరింది.

"నీ అసొంటోడు దొరకలే అని చెప్పు చెల్లె" అన్నాను.

ఆమె చెప్పింది. వాడు తల పంకించి, నాకు తెల్వదా అన్నట్టు చూసి, నా కోసం చాప తేవడానికి లోపలికి పోయాడు. అది అబద్ధం కాదు. అయినా ఆ చాప మీద వాడి పక్కన కూర్చుని తిన్నంతసేపూ, నేను అంత పెద్దగా పిలిచినా వీడు పలకలేదే అన్న మాటే నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.