తమ్ముడి దురద మాత్ర

ఈ రోజు మంచిర్యాలలో డయాలసిస్‌కు ముందు మా తమ్ముడికి ఈసీజీ తీశారు. కిడ్నీ జబ్బుతో వచ్చిన దురద తగ్గి నిద్ర పట్టాలని రోజూ నేను వేళకు ఇస్తున్న అలర్జీ మాత్ర వల్లే, గుండె ఒకసారి కొట్టుకున్నాక, దానిలోని విద్యుత్తు మళ్లీ సిద్ధం కావడం ఆలస్యమవుతోందట. లయ తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరు ఆ మాత్ర ఆపేయమన్నారు.

ఇంటికి రాగానే వాడు వీపును గోడకు రాసుకుంటూ, "అక్కా, ఒక్క గోలీ ఇయ్యే. జర కన్ను మూస్త" అన్నాడు.

"ఇయ్యనురా. గుండె ఆగుతదట."

"ఆగితే ఆగనియ్యే. గీ దురదతోని తెల్లార్లు కూసునుడు నీకేమెరుక? నిద్రలనన్న పోత."

తిట్టబోయి ఆగి, మాత్రలన్నీ తీసి చెత్తలో పారేశాను.

ఇప్పుడు పక్క గదిలో గోక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. వేపాకు నీళ్లు, పూతమందులు అన్నీ వాడి చూశాం, తగ్గలేదు. ఇది చదివేవాళ్లు దయచేసి ఎక్కడో విన్నవి రాయకండి. మీ ఇంట్లో డయాలసిస్ మనిషికి ఈ దురద మీద నిజంగా పనిచేసింది ఉంటేనే చెప్పండి.