బూరుల్‌కాన్ అక్క సర్దిన హాలు

మా ఊరి క్రీడా హాలు పొడవు ముప్పై ఆరు మీటర్లు, వెడల్పు పద్దెనిమిది. అది కాగితం మీది కొలత. బూరుల్‌కాన్ అక్క లెక్కలో ఆ హాలుకు కొలతే లేదు. కుస్తీ పోటీలు, పెళ్లిళ్లు, చనిపోయినవాళ్ల ఏడాది భోజనాలు, ఎన్నికలు, ఒక చలికాలం మంచులో చిక్కుకున్న నూట ఇరవై గొర్రెలు, అన్నిటినీ అందులో పట్టించింది. చోటు లేదన్న మాట ఎవరి నోట విన్నా ఆమెకు ఒళ్లు మండేది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె అక్కడ సామాన్ల అధికారిణి. తాళాలు, కుర్చీలు, బొగ్గు, చీపుళ్లు, కరెంటు పని చేసే నేను, అందరం ఆమె కిందే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో రెండు గదుల ఫ్లాటు ఉంది గానీ అక్కడికి నిద్రపోవడానికి మాత్రం వెళ్లేది. "మనింటికి ఎవరో వస్తున్నారట" అని ఆమె అంటే హాలుకు వస్తున్నారని మేం అర్థం చేసుకునేవాళ్లం.

ఆ మార్చిలో మా డైరెక్టరు శేరాలి ఆమెను పిలిచాడు.

"అక్కా, నెలాఖరుకు మీ ఉద్యోగం కాగితం మళ్లీ రాయాలి. కోర్సు చదివినవాళ్లను పెట్టమని పైనుంచి ఒకటే పోరు. ఈ విద్యార్థుల రోబో పోటీ ఒక్క ఫిర్యాదు లేకుండా గట్టెక్కించండి, కళ్లు మూసుకుని సంతకం పెడతా. ఫిర్యాదు వచ్చిందా, ఇక నా చేతుల్లో ఏమీ లేదు."

"మనింటికొచ్చి ఫిర్యాదు చేసిన మనిషిని ఇంతవరకూ చూళ్లేదు," అంది అక్క. అది నిజమే. మా వైపు ఎవరూ తిన్న ఇంటి మీద ఫిర్యాదు చేయరు. కానీ పోటీలకు వచ్చేవాళ్లు తమ తిండి తామే తెచ్చుకుంటారన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రాజధాని బిష్కెక్ నుంచి తెమిర్లాన్ అనే ఇంజనీరు హాలు పటం పట్టుకుని ముందురోజే వచ్చాడు. హాలు మధ్యలో వరుసగా నాలుగు పోటీ బల్లలు. ఒక్కో బల్ల మీద తెల్ల పలక, పలక మీద వంకర్లు తిరిగే నల్ల గీత. రోబో బండి ఆ గీతను పట్టుకుని చివరిదాకా పోవాలి. చుట్టూ ఇరవై నాలుగు జట్లకు పని బల్లలు, నడవడానికి రెండు మీటర్ల దారి. అవతలి కొసన, పెద్ద కిటికీల వెంట, నాలుగు మీటర్ల మేర ఏమీ లేదు. 'ఖాళీ' అని రాసి ఉంది. ఎందుకో రాసి లేదు.

అక్క పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తోర్‌ను వదిలేశావేంటి నాయనా?"

తలుపుకు ఎదురుగా, అన్నిటికన్నా లోపల ఉండే చోటు తోర్. దూరం నుంచి వచ్చినవాణ్ని ఏ ఇంట్లోనైనా అక్కడే కూర్చోబెడతాం. తలుపు దగ్గర ఇంటివాళ్లూ చెప్పులూ ఉంటాయి.

"అది ఖాళీగానే ఉండాలక్కా. నిబంధన."

"ఏం నిబంధన?"

"పదకొండో నిబంధన," అన్నాడు తెమిర్లాన్, ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతూ.

నాకూ ఒక పని చెప్పాడు. వెలుగు హాలంతా సమానంగా ఉండాలట. నిచ్చెనెక్కి దీపాలన్నీ చూసి, మాడిపోయిన నాలుగు మార్చాను. సూర్యుడు నా శాఖ కాదు.

పోటీ రోజు పొద్దున ఇరవై నాలుగు జట్లకు బదులు ముప్పై ఒకటి దిగాయి. ఆఖరి ఏడూ దేశం దక్షిణపు కొస నుంచి వచ్చినవి. రెండు రోజులు మినీబస్సుల్లో కూర్చుని, మంచు కనుమలు దాటుకుని వచ్చారు. పిల్లలు దిగి కాళ్లు నేలకేసి తన్నుకుంటున్నారు. తెమిర్లాన్ తల పట్టుకున్నాడు.

"బల్లలు వేస్తే దారి ఉండదు, దారి వదిలితే బల్లలు పట్టవు. వీళ్లను వెనక్కి పంపడమే."

"ఎవర్ని పంపేది? నువ్వెళ్లి టీ తాగి రా. గంటాగి చూడు," అంది అక్క.

ఆ గంటలో నా నడుము విరిగింది. నాలుగు పోటీ బల్లల్లో రెండింటిని మోసుకెళ్లి కిటికీల కింద వేశాం. వాటి పక్కన దక్షిణం జట్లు ఏడింటినీ సర్దింది. మా ఊరి బడి ఆడపిల్లల జట్టు మంచి చోటు చూసుకుని ముందే కూర్చుంది. వాళ్లను లేపి తలుపు పక్కకు, బూట్ల అరల దగ్గరికి తరిమింది. వాళ్ల పంతులమ్మ అనార్‌కుల్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, మేం మనూరివాళ్లం కదా."

"అందుకే లేపుతున్నా. ఇంటివాళ్లు తోర్‌లో కూర్చుంటారా ఎక్కడన్నా? చలేస్తే స్వెట్టర్లు వేయించు."

చలి మాట నిజం. ఆ ఏడాది వేడినీళ్ల గొట్టాలు పగిలి హాల్లో పన్నెండు డిగ్రీలుంది. మిగిలిన వెచ్చని చోటు ఒక్కటే, ఆ కిటికీల కింద. ఒంటిగంట దాటితే అక్కడ నిండుగా ఎండ పడుతుంది. ఆ పిల్లల కోసమని అక్క తనే స్టూలెక్కి, చలికాలమంతా పేరుకున్న మసిని పాత పేపర్లతో తుడిచింది.

"మధ్యాహ్నానికి వేళ్లు వెచ్చబడతాయి పిల్లలూ, కాస్త ఓర్చుకోండి," అని వాళ్లకు చెప్పింది కూడా.

తెమిర్లాన్ వచ్చి దారి కొలిచాడు. రెండు మీటర్ల పది సెంటీమీటర్లు.

"మీకు దండం పెట్టాలక్కా," అన్నాడు.

"మరి పదకొండో నిబంధన?" అని నేనడిగాను.

"ఇప్పుడు నిబంధనలు చూసే తీరికెక్కడిదన్నా."

పొద్దుటి పోటీలు చక్కగా సాగాయి. అసలు పోటీ రెండింటికి మొదలైంది, ఎవరికి దగ్గరి బల్ల మీద వాళ్లకు. అప్పటికి తోర్‌లో ఎండ బాగా కాస్తోంది. అద్దాలు తళతళలాడుతున్నాయి. కిటికీ చట్రాల నీడలు తెల్ల పలకల మీద నల్లగా, తిన్నగా పడ్డాయి. ఆ బండ్లకు నలుపు కనిపిస్తే చాలు, గీతో నీడో వాటికి పట్టదు. మొదటి బండి నాలుగు వంకర్లు తిరిగి, నీడ దొరకగానే దాని వెంట తిన్నగా వెళ్లి బల్ల మీంచి కింద పడింది. రెండోదీ అంతే. ఏడు జట్ల బండ్లూ వరుసగా నీడను నమ్ముకుని నేల మీదికొచ్చాయి. తలుపు వైపు బల్ల మీద, మసక వెలుతురులో మా ఆడపిల్లల బండి ముక్కుతూ మూలుగుతూ చివరిదాకా వెళ్లింది. మొదటి బహుమతి మా ఊరిదే.

జనం చప్పట్లు కొడుతుంటే దక్షిణం జట్ల శిక్షకుడు కోజుబేక్ స్టూలెక్కి అద్దం మీద వేలు రాసి చూశాడు.

"ఇవి ఈ రోజే తుడిచారు," అన్నాడు. అరవలేదు. అందుకే అందరికీ వినిపించింది.

అక్క ఆ మాట విని, ఇంత పని చేశానని ఒకరైనా గుర్తించారని నిజంగానే సంతోషపడింది. కోజుబేక్ ఫిర్యాదు కాగితం రాస్తుంటే కూర్చోవడానికి కుర్చీ కూడా తెచ్చి వేసింది. సంగతి ఆమెకు మా ఊరివాళ్లే విడమరిచారు. కుస్తీ నేర్పే ముసలాయన వచ్చి ఆమె భుజం తట్టాడు.

"సూర్యుణ్ని కూడా మన జట్టులో ఆడించావు కదమ్మా. నీ తెలివి మాకు లేకపోయింది."

అక్క మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్లలో నేనామెను అలా చూడలేదు.

పోటీ మర్నాడు కిటికీలకు దుప్పట్లు కట్టి మళ్లీ జరపాలని న్యాయనిర్ణేతలు తేల్చారు. మిగిలింది అక్క సంగతి. తెలియక చేసిందా, కావాలని చేసిందా? పదకొండో నిబంధన సంగతి చెప్పాల్సిన తెమిర్లాన్ తన ఫోనులో ఏదో ముఖ్యమైనది వెతుక్కుంటున్నాడు. నేనూ నా బూట్లకేసి చూసుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

శేరాలి మంచివాడే. ఒక కాగితం తనే రాసి తెచ్చి అక్కను పక్కకు తీసుకెళ్లాడు.

"'అక్కడ ఎండ పడుతుందని నాకు తెలియదు.' ఇంతే. సంతకం పెట్టండి. ఫిర్యాదు కొట్టేస్తారు, మీ ఉద్యోగం మీకుంటుంది."

"నాకు తెలుసుగా."

"తెలుసని నాకూ తెలుసక్కా. రాయకండి, అంతే."

"తెలియదంటే ఏమని అర్థం? రెండు రోజులు బండ్లో కూర్చుని వచ్చిన బిడ్డల్ని, ఎక్కడ సందుంటే అక్కడ పడేశాననేగా?"

"వాళ్లలా అనుకుంటే మీకేం పోయింది?"

"పరువు పోతుంది నాయనా. ఇల్లు నాది."

కాగితం తిప్పి, వెనకవైపు తనే రాసింది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

న్యాయనిర్ణేతలు ఐదుగురు. వాళ్ల పెద్ద ఒక ప్రొఫెసరమ్మ. కోటు మెడ దాకా బిగించుకుని, కాగితాన్ని ఎండకు పట్టుకుని చదివింది.

"'ఒంటిగంట దాటాక అక్కడ ఎండ పడుతుందని నాకు తెలుసు. అందుకే అతిథుల్ని అక్కడ కూర్చోబెట్టాను. బూరుల్‌కాన్.'" కళ్లద్దాలు తీసింది. "ఇది తప్పు ఒప్పుకోవడమే కదమ్మా. మార్చి రాస్తారా?"

"మార్చను," అంది అక్క. "ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మీ బల్ల తలుపు దగ్గర కదా వేయించాను. మీరెందుకు కుర్చీలు లాక్కుని ఇక్కడికొచ్చి కూర్చున్నారు?"

ఎవరూ కుర్చీ వెనక్కి జరుపుకోలేదు. ఎండలోనే కూర్చుని ఆమెను ఉద్యోగంలోంచి తీసేయమని రాశారు.