చెక్ చేసినవారి గడి

మొన్న మంగళవారం పొద్దున సీతాఫల్‌మండి నుంచి సార్ భార్య, మా ఆంటీ ఫోన్ చేశారు. "సార్ పోయిండమ్మా" అని ఒక్క మాటే అన్నారు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఇరవయ్యేళ్లుగా నా దగ్గరే ఉంది. ఇక చెప్పేందుకు మనిషి లేరు.

సార్ అంటే, మౌలాలి వైపు నేను ఉద్యోగంలో చేరిన చిన్న మిషన్ల కంపెనీలో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. మేం గీసిన ప్రతి డ్రాయింగూ ఆయన బల్ల మీదికి వెళ్లాల్సిందే. ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో అంకె మీద టిక్ పెట్టుకుంటూ వచ్చి, చివర 'చెక్ చేసినవారు' అనే గడిలో పొడి సంతకం చేసేవారు. తను గీసిందైతే మాత్రం మాకిచ్చేవారు. "నా గీత నాకు మంచిగనే కనవడ్తది బిడ్డా. ఇంకో కన్ను సుత చూడాలె" అనేవారు.

రంధ్రాల దగ్గర ఆయన పట్టింపు ఇంతా అంతా కాదు. "హోల్ సైజు ఒక్క తాననే రాయి. రెండు తాన్ల రాస్తే ఎవడేది చూస్తడో ఏమెరుక?" ఒకసారి నా షీటు మీద కొలతల గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోతుంటే, "ఏందిది, బోయిగూడ కరెంటు తీగలా?" అని నవ్వారు. టాలరెన్స్ రాయడం మరిచిపోతే మాత్రం నవ్వేవారు కాదు. "రంధ్రం ఎంత జరిగితే నడుస్తదో నువ్వు జెప్పకుంటే, మిషన్ మీదున్నోడు తనకు తోచినంత జరుపుతడు. వాన్ని తిట్టి ఏం ఫాయిదా?"

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకోటి. ప్లేటుకు అడ్డానికొకటి, నిలువుకొకటి నున్నగా చేసిన అంచు ఎంచుకుని, రంధ్రాలన్నిటికీ కొలత అక్కడి నుంచే ఇవ్వాలి. ఒక రంధ్రం నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోతే, ప్రతి చోటా వచ్చే వెంట్రుకవాసి తేడా చివరికి కుప్పపడుతుంది.

ఒక ప్లేటు డ్రాయింగులో నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. ఒక బుధవారం సాయంత్రం, చర్చిలో ప్రార్థనకు ఆలస్యమవుతోందని సార్ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, గేటు దగ్గర అడ్డం పడి "ఒక్క సంతకం సార్" అన్నాను. నా మీది నమ్మకంతో చూడకుండానే పెట్టారు.

బిగించే రోజున చివరి రెండు బోల్టులు దూరలేదు. ప్లేట్లన్నీ తుక్కులో పడ్డాయి. మేనేజర్ కేకలు వేస్తుంటే సార్ లేచి నిలబడ్డారు. "చెక్ చేసింది నేను. తప్పు నాదే" అన్నారు. పక్కనే ఉన్న నేను నోరు విప్పలేదు. రిటైరయ్యేదాకా ఆయన్ని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. కొత్త ఉద్యోగం, భయం అని ఎన్ని చెప్పుకున్నా, అది పిరికితనమే. ఆ తర్వాత కూడా ఆయన కనపడినప్పుడల్లా "ఇప్పుడేం గీస్తున్నవ్?" అని అడిగేవారు, ఏమీ జరగనట్టే.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆంటీ నన్ను ఇంట్లోకి పిలిచి, మడతపెట్టిన కాగితం చేతికిచ్చారు. "మంచంల వడ్డంక గీసిండమ్మా. నీకే ఇయ్యమన్నడు. తప్పులుంటే జెర జూడమన్నడు."

సమాధి మీద బిగించే పేరు పలక డ్రాయింగ్ అది. నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు. అడ్డం కొలతలన్నీ ఎడమ అంచు నుంచి, నిలువు కొలతలన్నీ కింది అంచు నుంచి. సైజు ఒక్క చోటే, టాలరెన్స్ పక్కనే. గీతలు కొంచెం వణికాయి. పుట్టిన తేదీ రాసి, రెండో తేదీకి చోటు వదిలారు. కింద 'గీసినవారు' గడిలో ఆయన పొడి సంతకం. దాని పక్క గడి ఖాళీగా ఉంది.

ఇంట్లో ఆయన గీసుకునే బల్ల దగ్గరే కూర్చుని, ఆయన ఎర్ర పెన్సిల్‌తోనే ఒక్కో అంకె మీద టిక్ పెట్టుకుంటూ వచ్చాను. తప్పేమీ దొరకలేదు. దొరికితే ఇంకాసేపు ఆయనతో ఉండొచ్చనిపించి, మళ్లీ మొదటి నుంచి చూశాను. అప్పుడూ దొరకలేదు. ఆంటీ గుమ్మంలో నిలబడి చూస్తుండగా, ఆ ఖాళీ గడిలో నా సంతకం పెట్టాను.